మండుటెండల్లో కెమెరా సంచి

వేసవి సెలవుల ప్రయాణానికి డిజిటల్ కెమెరాను వెంట తీసుకువెళ్లేవారిలో చాలామంది ముందుగా ఆలోచించేది ఏ లెన్సు పెట్టుకోవాలన్న సంగతి గురించే. అయితే ఏప్రిల్, మే నెలల్లో తెలుగునాట తిరగబోయేవారికి అది రెండో ప్రశ్న మాత్రమే. డిజిటల్ కెమెరా అంటే కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే సెన్సరు, ఆ సంకేతాలను బొమ్మగా కూర్చే ప్రాసెసరు, ఈ రెండింటికీ శక్తినిచ్చే లిథియం అయాన్ బ్యాటరీ ఒక చిన్న పెట్టెలో ఇమిడిన ఎలక్ట్రానిక్ పరికరం కాబట్టి, దాని పనితీరూ ఆయుర్దాయమూ చుట్టూ ఉన్న వేడి, తేమ, దుమ్ముల మీద ఆధారపడి ఉంటాయి. చాలా కంపెనీలు కెమెరాతో ఇచ్చే పుస్తకంలో అది పనిచేయడానికి తగిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అని రాస్తాయి; రెంటచింతల, రామగుండం, నంద్యాల వంటి చోట్ల మే నెల మధ్యాహ్నాలు ఆ పై హద్దును తరచుగా దాటిపోతుంటాయి. అందువల్ల కెమెరాను చల్లగా, పొడిగా, శుభ్రంగా ఉంచే వస్తువులకు సంచిలో ముందు చోటిచ్చి, ఆ తరువాత మిగిలిన చోటును లెన్సులకు కేటాయించడమే సరైన వరుస. ఈ వస్తువుల్లో ఎక్కువ భాగం పదుల రూపాయల్లోనో వందల్లోనో దొరికేవే కావడంతో, వేలు పోసి కొన్న లెన్సు పక్కన వాటిని చిన్నచూపు చూడడం సహజంగా జరుగుతుంది. నష్టం మొదలయ్యేదీ అక్కడే.

వేడి చేసే హాని వెంటనే కంటికి కనిపించేది కాదు. సెన్సరు వేడెక్కే కొద్దీ, దాని మీద కాంతి పడకపోయినా అందులో స్వల్పంగా విద్యుత్తు పుడుతూ ఉంటుంది; దీన్ని డార్క్ కరెంట్ అంటారు. ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇది రెట్టింపవుతుంది కాబట్టి, మసక వెలుతురులో ఎక్కువసేపు షట్టరు తెరిచి తీసిన బొమ్మల్లో రంగురంగుల చుక్కలు, గరుకుదనం కనిపిస్తాయి. ఆగకుండా వీడియో తీసేటప్పుడు, ముఖ్యంగా 4కే స్థాయిలో తీసేటప్పుడు, ప్రాసెసరు పుట్టించే వేడికి బయటి ఎండ తోడై కెమెరా తనంతట తానే ఆగిపోవడమూ ఉంది. అది చెడిపోయిన లక్షణం కాదు, లోపలి భాగాలను కాపాడుకోవడానికి కంపెనీ చేసిన ఏర్పాటు. అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు మూసి ఉంచిన కారు. బయట 40 డిగ్రీలున్న రోజున ఎండలో నిలిపిన కారు లోపలి గాలి గంట తిరగకముందే 60 డిగ్రీలకు చేరవచ్చు, డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ వేడికి బ్యాటరీ ఉబ్బి తన గదిలోనే బిగుసుకుపోవచ్చు, పట్టు కోసం అతికించిన రబ్బరు ఊడిరావచ్చు. భోజనానికి ఆగిన అరగంట కోసమైనా కెమెరా సంచిని కారులో వదలకుండా భుజాన వేసుకుని దిగడం తప్ప దీనికి వేరే మందు లేదు.

దారిలో కాపాడుకోవడానికి కావలసినవి మాత్రం సాదా వస్తువులే. నల్లటి సంచి ఎండను పీల్చుకుంటుంది కాబట్టి దాని మీద కప్పడానికి తెల్లటి నూలు తుండుగుడ్డ ఒకటి, కెమెరాకూ మనిషికీ కలిపి నీడనిచ్చే లేతరంగు గొడుగు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. గొడుగు తెల్లదైతే మరో ప్రయోజనం కూడా ఉంది: దాని గుండా వడకట్టినట్టు దిగే వెలుగు మెత్తగా మారి, మిట్టమధ్యాహ్నం కూడా ముఖాలను చక్కగా చూపిస్తుంది. సంచిని చల్లబరచాలని ఐసు ప్యాకెట్లు పెట్టడం మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అందుకు కారణం తేమ.

తేమ సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవలసినది. ఎందుకంటే ఒకే వేసవిలో, ఒకే సంచి, రెండు ఊళ్లలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. గాలిని చల్లబరుస్తూ పోతే ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులోని నీటి ఆవిరి బొట్లుగా మారడం మొదలవుతుంది. ఆ ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. అంతకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు ఆ గాలిలోకి వచ్చినా దాని మీద చెమ్మ పడుతుంది. విశాఖపట్నం తీరంలో మే నెల ఉదయం గాలి 34 డిగ్రీల వేడితో, 70 శాతం తేమతో ఉందనుకుంటే దాని తుషార బిందువు 28 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. రాత్రంతా 22 డిగ్రీల ఏసీ గదిలో ఉన్న కెమెరాను నేరుగా రామకృష్ణా బీచ్‌కు తీసుకువెళితే ముందు లెన్సు అద్దం మీద పొగమంచులాంటి తెర కనిపిస్తుంది, అది తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. కంటికి కనిపించే ఆ తెర వల్ల పెద్ద నష్టం లేదు. అదే చెమ్మ లెన్సు లోపలి అద్దాల మధ్య, సర్క్యూట్ల మీద కూడా పడుతుందన్నది అసలు ఆందోళన. కడప జిల్లా గండికోటలో పరిస్థితి వేరు. అక్కడ మధ్యాహ్నం 41 డిగ్రీల వేడి ఉన్నా తేమ 25 శాతమే అయితే తుషార బిందువు 17 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ఏసీ కారులోంచి దిగిన కెమెరా మీద చెమ్మ పట్టే అవకాశం బాగా తక్కువ. అక్కడి నుంచి కొన్ని గంటల ప్రయాణంలో బెలుం గుహలకు వెళ్లేసరికి లెక్క మళ్లీ మారుతుంది. భూమి లోపల మూడు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఆ గుహల్లో గాలి ఉక్కగా, తేమగా ఉంటుంది కనుక, చల్లటి కారులోంచి నేరుగా తీసుకువెళ్లిన లెన్సు లోపలికి దిగిన కాసేపటికే మసకబారుతుంది.

దీనికి ఉపాయం చిన్నదే. చల్లటి గదిలోంచి బయలుదేరే ముందు కెమెరాను జిప్పుతో గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కి మూసేసి, బయట నీడలో అరగంట నుంచి ముప్పావుగంట అలాగే ఉంచితే, చెమ్మ కవరు పైభాగాన పడుతుందే తప్ప లోపలికి పోదు. కెమెరా బయటి వేడికి సర్దుకున్నాక తెరవవచ్చు. అందుకని కెమెరాకు ఒకటి, అదనపు లెన్సుకు ఒకటి, వాన వస్తే పనికొచ్చేటట్టు మరొకటి చొప్పున పెద్ద సైజు కవర్లు సంచిలో ఉండాలి. వాటిలో వేయడానికి సిలికా జెల్ పొట్లాలు కూడా తోడుండాలి. సిలికా జెల్ అనేది తేమను పీల్చి తనలో పట్టి ఉంచుకునే గుళికల రూపంలోని పదార్థం. తేమ నిండిన సంగతి తెలియడానికి వీటికి రంగు కలుపుతారు, నీలం గుళికలు గులాబీ రంగుకు, నారింజ రంగువి ఆకుపచ్చకు తిరుగుతాయి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో నారింజ రకమే మంచిది. కెమెరాను బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది; బియ్యం పీల్చే తేమ స్వల్పం, దాని నుంచి రాలే పిండి మాత్రం లెన్సు చట్రాల సందుల్లోకి చేరుతుంది.

దుమ్ము విషయంలో రాయలసీమ గాలిదుమారానికీ సముద్రపు ఇసుకకూ తేడా ఉంది. దుమ్ము మెత్తనిది, ఊదితే పోతుంది. ఇసుక రేణువు గాజును గీయగలిగినంత గట్టిది కాబట్టి, దాన్ని గుడ్డతో తుడవడమంటే లెన్సు పూతను చేతులారా గీకడమే. అందుకే శుభ్రం చేసే వరుసను తప్పకూడదు: ముందు రబ్బరు బంతిలాంటి బ్లోయరుతో గాలి ఊది రేణువులను ఎగరగొట్టాలి, తరువాత మెత్తటి కుంచెతో మూలల్లోనివి తీయాలి, ఏమీ మిగలలేదని చూసుకున్నాకే మైక్రోఫైబర్ గుడ్డను అద్దం మీద తిప్పాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బాల్లో వచ్చే ఒత్తిడి గాలి నుంచి చల్లటి ద్రవం చిమ్మే ప్రమాదం ఉండడంతో సెన్సరు దగ్గర అది పనికిరాదు, పైగా ఆ డబ్బాలను విమానంలోకి తీసుకువెళ్లనివ్వరు. సముద్రపు తుంపర ఎండి మిగిల్చే ఉప్పు సంగతి మరోలా ఉంటుంది. అది ఊదితే పోదు, పొడిగుడ్డతో రుద్దితే ఇసుకలాగే గీస్తుంది, వదిలేస్తే లోహపు భాగాలను తింటుంది. మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా పైభాగాన్ని అద్ది తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. తిరుపతి గంగమ్మ జాతర వంటి మే నెల ఉత్సవాలకు వెళ్లేవారికి పసుపు, కుంకుమ కూడా ఇదే పని పెడతాయి. అవి దుమ్ముకన్నా సన్ననివి, చెమటతో కలిస్తే అంటుకుపోతాయి కాబట్టి, అలాంటి గుంపుల్లోకి వెళ్లే ముందు కెమెరాకు ప్లాస్టిక్ తొడుగు వేసి, లెన్సు మూతి దగ్గర రబ్బరు బ్యాండుతో బిగిస్తే చాలు. ఇటువంటి చోట్ల లెన్సు మార్చడమంటే సెన్సరును గాలికి అప్పగించడమే. మార్చక తప్పనప్పుడు గాలికి వీపు పెట్టి, కెమెరాను ఆపి, మూతి నేలవైపు తిప్పి మార్చాలి.

లెన్సు మార్చడంలో ఉన్న ఈ ప్రమాదం వల్లనే వేసవి ప్రయాణానికి ఒక్క జూమ్ లెన్సు సరిపోతుందన్న అభిప్రాయానికి బలం వస్తోంది. దగ్గరి నుంచి ఓ మాదిరి దూరం వరకు చూపించే 24–105 మిల్లీమీటర్ల లెన్సు, చిన్న సెన్సరున్న కెమెరాలకైతే 18–135 మిల్లీమీటర్ల లెన్సు, ఇంటిల్లిపాది బొమ్మలకూ, కోటబురుజులకూ, బజారులో తాటిముంజలు కొట్టే చేతులకూ సమానంగా పనికొస్తుంది. దానికి తోడు పెట్టుకోదగినది ఎఫ్ 1.8 ద్వారమున్న 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు. ఎఫ్ తరువాతి అంకె ఎంత చిన్నదైతే లెన్సు ద్వారం అంత పెద్దగా తెరుచుకుని అంత ఎక్కువ కాంతిని లోపలికి రానిస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది విజయనగర కాలపు వర్ణచిత్రాల వంటివాటిని ఫ్లాష్ వేయకుండా, ఉన్న వెలుతురులోనే తీయడానికి ఆ ద్వారం ఎంతో మేలు చేస్తుంది. బరువు 200 గ్రాములకు అటూఇటూగా ఉండే ఈ లెన్సు కోసం, దూరపు వస్తువులను దగ్గరగా చూపే పెద్ద టెలీ లెన్సును ఇంట్లో వదిలినా విచారించవలసిన పని లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో కొయ్య కెమెరాలు, గాజు పలకలు, బరువైన స్టాండు మోయడానికి మనుషులు కావలసి వచ్చేది. ఒక్కొక్క పలకకు ఒక్కటే బొమ్మ కాబట్టి ఏది తీయాలో ముందే ఆలోచించుకోక తప్పేది కాదు. ఆయన తీసిన హైదరాబాదు దృశ్యాలను చూసినవారికి, మోసే సామాను తక్కువైనంత మాత్రాన చూపు తక్కువ కానక్కరలేదన్న సంగతి సులువుగానే అర్థమవుతుంది.

వేసవి వెలుతురుకు ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేకత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి జరుగుతుంది, గండికోట వంటి దక్షిణపు చోట్ల మొదటి సారి ఏప్రిల్ చివరికే వచ్చేస్తుంది. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణాన నీడే పడదు, అందుకే దాన్ని నీడలేని రోజు అంటారు. ఆ రోజుకు అటూఇటూ ఉన్న వారాలన్నిటిలో మధ్యాహ్నపు వెలుగు పైనుంచి నిట్టనిలువుగా దిగి, కనుగుంటలను, ముక్కు కింది భాగాన్ని నల్లగా చేస్తుంది, రాతి శిల్పాల్లోని లోతును చదును చేస్తుంది. ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 5 తరువాత తీయడం ఒక మార్గం. ఆ సమయాలు కుదరని ప్రయాణికులకు తోడ్పడేది వృత్తాకార పోలరైజర్ అనే ఫిల్టరు. నీటి మీద, తడి ఆకుల మీద, అద్దాల మీద పడి తిరిగివచ్చే కాంతి ఎక్కువగా ఒకే తలంలో కంపిస్తూ ఉంటుంది. లెన్సు ముందు బిగించి తిప్పే ఈ గాజు, ఆ తలంలోని కాంతిని అడ్డుకుని మెరుపును తగ్గిస్తుంది, ఆకాశం నీలాన్ని ముదురు చేస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో దీని ప్రభావం అత్యధికం. కనుక సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చుట్టూ దిగంతం పొడవునా, ఉదయం తూర్పున ఉన్నప్పుడు ఉత్తర దక్షిణాల వైపు ఇది బాగా పనిచేస్తుంది. గండికోట లోయలో పెన్నా నీటి మీది తళుకును తీసేసి కింది రాళ్ల ఎర్రదనాన్ని బయటపెట్టడానికి దీన్ని మించిన సాధనం లేదు. ఇది లోపలికి వచ్చే కాంతిని సగానికో నాలుగో వంతుకో తగ్గిస్తుంది కాబట్టి గుహల్లో, గుడి మండపాల్లో తీసి పక్కన పెట్టాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ ఫిల్టరు ఫిల్ము రోజుల్లో అవసరమైనదే గాని, డిజిటల్ సెన్సరు ముందు ఆ పని చేసే గాజుపొర ముందే ఉంటుంది. ఇప్పుడది ఇసుక, ఉప్పుతుంపర నుంచి లెన్సును కాచే మూతగా మాత్రమే ఉపయోగపడుతుంది. పక్కనుంచి పడే ఎండను అడ్డుకునే లెన్సు హుడ్‌ను మాత్రం ఎప్పుడూ తగిలించే ఉంచాలి.

మండుటెండలో వెనకవైపు తెర మీద బొమ్మ సరిగా కనిపించదు, దాంతో వెలుతురు సరిపోయిందో లేదో తెలియక చాలామంది అవసరానికి మించి ప్రకాశవంతంగా తీస్తారు. ముదురురంగు గుడ్డ ఒకటి తల మీదుగా కప్పుకుని చూడడం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది. దానితోపాటు హిస్టోగ్రామ్‌ను చూడడం అలవాటు చేసుకోవాలి. బొమ్మలోని చీకటి నుంచి వెలుతురు వరకు ఏ స్థాయి ఎంత ఉందో చూపే గీత అది. గీత కుడి అంచుకు గుద్దుకుని నిలబడితే తెల్లటి భాగాల్లో వివరం పోయినట్టే. సూర్యబింబం వైపు టెలీ లెన్సును గురిపెట్టి వ్యూఫైండరులో చూడడం కంటికీ, షట్టరుకూ, సెన్సరుకూ ప్రమాదం. నడినెత్తి ఎండలో లెన్సు మూత లేకుండా కెమెరాను వెల్లకిలా పెట్టడం కూడా అలాంటిదే.

బ్యాటరీల విషయంలో ప్రయాణికులు ఎక్కువగా తికమకపడేది విమానాశ్రయంలో. విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చెక్ ఇన్ సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి; ఒక్కొక్కటి 100 వాట్ అవర్లకు మించకూడదు, అంతకు మించి 160 వరకు ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి. వాట్ అవర్ అనేది బ్యాటరీ దాచుకోగల శక్తికి కొలత. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 7.2 వోల్టులు, 2280 మిల్లీ ఆంపియర్ అవర్లున్న కెమెరా బ్యాటరీ 16.4 వాట్ అవర్లే. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు, 3.7 వోల్టుల లెక్కన 74. రెండూ హద్దులోపలివే అయినా, బ్యాటరీ లోహపు కొసలు తాళంచెవులకో చిల్లరకో తగిలి నిప్పు పుట్టకుండా ప్లాస్టిక్ మూత గాని టేపు గాని వేయాలి. ఎండలో తిరిగివచ్చి ఇంకా వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జింగుకు పెట్టకూడదు; 45 డిగ్రీలు దాటిన లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. సెలవులకు అమెరికా నుంచి వచ్చే పిల్లలు, అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు ఛార్జరు మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసుకుంటే చాలు; అలా ఉంటే ఇక్కడి 230 వోల్టులకూ అక్కడి 120కీ అదే సరిపోతుంది, పిన్నుల ఆకారం మార్చే అడాప్టరు ఒక్కటే అదనం. మెమరీ కార్డుల్లో 256 జీబీది ఒకటి కన్నా 64 జీబీవి రెండుమూడు మేలు. ఒకటి పోయినా ప్రయాణమంతా పోదు. కెమెరా మార్పులేమీ చేయకుండా సెన్సరు సమాచారాన్ని యథాతథంగా దాచే రా ఫైలు, 24 మెగాపిక్సెల్ కెమెరాలో 25 నుంచి 50 ఎంబీ వరకు ఉంటుంది కనుక, 64 జీబీ కార్డులో వెయ్యికి పైగానే పడతాయి. రాత్రి బసలో వాటిని చిన్న ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి, ఆ డిస్కును కార్డులున్న సంచిలో కాకుండా వేరొకరి సంచిలో ఉంచాలి.

ట్రైపాడ్ తీసుకువెళ్లే ముందు వెళ్లే చోటు నియమాలు తెలుసుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ వాడకానికి ముందస్తు అనుమతి కావాలి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి కూడా ఆ శాఖ రక్షణలోనిదే. తిరుమల ఆలయంలోకి కెమెరాలను, ఫోన్లను అసలే అనుమతించరు. కొండ మీద సూర్యోదయాలు తీయాలన్న గట్టి ఉద్దేశం లేకపోతే కిలోన్నర బరువున్న ఆ స్టాండుకు బదులు మరో లీటరు నీళ్లు మోయడం ఉత్తమం.

నీళ్ల సీసాను కెమెరా గదిలో పెట్టకుండా బయటి జేబులో నిటారుగా పెట్టాలి. ఓఆర్ఎస్ పొట్లాలు, అంచులు వెడల్పున్న టోపీ, నూలు చొక్కా కెమెరా సామానులో భాగమేనని భావించాలి, ఎందుకంటే వడదెబ్బ తగిలిన మనిషి చేతిలో ఎంత మంచి కెమెరా ఉన్నా ఉపయోగం లేదు. చర్మానికి రాసుకునే వాటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. దోమల క్రీముల్లో వాడే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్కునూ రబ్బరునూ మెత్తబరచి కరిగిస్తుంది. సన్‌స్క్రీన్ జిడ్డు లెన్సుకు అంటితే పొడిగుడ్డకు వదలదు. అవి రాసుకున్నాక చేతులు కడుక్కోవడానికి సబ్బుకాగితాలు, తుడుచుకోవడానికి ప్రత్యేకంగా మరో గుడ్డ సంచి పైజేబులో ఉండాలి.

ఇంటికి చేరిన తరువాత చేయవలసిన పనిని చాలామంది వాయిదా వేస్తారు, నైరుతి రుతుపవనాలు మాత్రం ఆగవు. అవి సాధారణంగా జూన్ మొదటి పక్షంలోనే తెలుగు రాష్ట్రాలను తాకుతాయి. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే నిలిచి ఉంటే లెన్సు అద్దాల మధ్య బూజు మొలకెత్తుతుంది, సాలెగూడులాంటి దాని తీగలు పూతను తినేశాక శుభ్రం చేసినా మచ్చ పోదు. ప్రయాణపు సంచిలోని స్పాంజి, గుడ్డ, చెమట తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి కెమెరాను అందులోనే వదలకుండా బయటికి తీసి, ఉప్పు, దుమ్ము తుడిచి, కార్డుల్లోని బొమ్మలు రెండు చోట్ల చేరాయని చూసుకున్నాకే ఆ కార్డులను ఫార్మాట్ చేసి, బ్యాటరీని సగం ఛార్జితో విడిగా ఉంచాలి. తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్ ఉంటే మంచిదే. లేనివారికి రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, కొత్త సిలికా జెల్, లోపలి తేమను చూపే చిన్న మీటరు ఉంటే చాలు.